గుమ్మడాపురపు పులికూనలు

నంద్యాలనుండి ఆళ్లగడ్డకు పోవు రహదారిమీద ప్రయాణము చేయువారికి ఎడమచేతివైపున నల్లమల కొండలు నీలిగోడవలె కనబడుచుండును. కుడిచేతివైపున కుందూనది పరీవాహములో వరిమళ్లు, జొన్నచేలు, మిరపతోటలు. దూరమునుండి చూచువారికి అడవి వేరు, పొలము వేరు అని తోచును. దగ్గరకు పోయినచో ఆ గీత ఎక్కడను కనబడదు. ఎనుములు మేతకు పోవు డొంకలోనే చిరుతపులియు నీటికి దిగును. కట్టెలకు పోవు స్త్రీ, తేనెకు పోవు చెంచు, వేసవిలో దప్పిగొని చేలలోనికి వచ్చు జింక, అందరును ఆ అంచుమీదనే తిరుగుదురు. నల్లమల చుట్టును అట్టి అంచు పల్లెలు వందలుగా నున్నవి. వానిలో పెద్ద గుమ్మడాపురము ఒకటి. అది ఈ రహదారికి ఉత్తరముగా, ఆత్మకూరు అటవీ విభాగమున, నంద్యాల జిల్లా కొత్తపల్లె మండలములో నున్నది.

2023వ సంవత్సరము మార్చి 6వ తేదీన ఆ గ్రామపు పొలిమేరలో నాలుగు పులికూనలు ఊరివారి కంటబడినవి. చుట్టుపట్ల తల్లి జాడ లేదు. నాలుగును ఆడపిల్లలే. పాలు మరువని పసికూనలు. పరుగెత్తి దాగుకొనునంతటి శక్తియైనను వాటికి రాలేదు. ఊరకుక్కలు చూచినచో క్షణములో చీల్చివేయునని గ్రామస్థులు భయపడిరి. వాటిని ఎత్తి తెచ్చి గదిలో భద్రపరచి అటవీ శాఖవారికి కబురు పంపిరి.

పులి అనిన మాట వినబడగానే గొడ్డళ్లు, బరిసెలు బయటికి వచ్చిన దినములు ఈ ప్రాంతపు వృద్ధుల జ్ఞాపకములో ఇంకను చెరిగిపోలేదు. మేతకు పోయిన ఆవు సాయంకాలము తిరిగిరాని బాధ అంచు పల్లెలవారికి తెలియనిది కాదు. అట్టివారు పులిపిల్లలను కుక్కలబారినుండి కాపాడిరనుట చిన్న సంగతి కాదు. అయినను వారు చేసిన ఆ మేలులోనే ఒక చిక్కు దాగియున్నది. తల్లి తిరిగివచ్చినచో వెదకునది పిల్లలను విడిచిన చోటనే. ఆ చోట ఇప్పుడు పిల్లలు లేవు.

ఆడుపులి పిల్లలను పొదలోనో బండల సందుననో దాచి వేటకు పోవును. వేట దొరకనిచో చాలసేపు తిరిగి రాదు. దాచిన చోట అలికిడి కలిగినచో కూనలను ఒక్కొక్కదానినే మెడపట్టి మరియొక చోటికి మార్చును. కావున పులికూన ఒంటరిగా కనబడినంతమాత్రమున అది తల్లిలేనిదని నిశ్చయించుటకు వీలులేదు. మొదటిదానిని తీసికొనిపోయి రెండవదానికొరకు తల్లి వచ్చుచున్న సమయములోనే మనుష్యులు అక్కడ గుమికూడియుండవచ్చును. గుమ్మడాపురమున తల్లిని పిల్లలనుండి వేరుచేసిన కారణమేమో ఆ తల్లికే తెలియును.

అడవి జంతువులకు చికిత్స చేయు వైద్యులు వచ్చి కూనలను పరీక్షించిరి. పాదముద్రలనుబట్టియు, అడవిలో అమర్చిన కెమెరాల ఛాయాచిత్రములనుబట్టియు తల్లి టి-108 అను ఆడుపులి అని అధికారులు గుర్తించిరి. ప్రతి పులి ఒంటిమీది చారలు వేరు వేరుగా నుండును. మనుష్యుల వ్రేలిముద్రలవలె ఒక పులి చారలు మరియొక పులికి ఉండవు. అందుచేతనే అడవిలోని పులులకు సంఖ్యలు ఇచ్చి లెక్కవ్రాయుట సాధ్యమగుచున్నది. నాగార్జునసాగర్ - శ్రీశైలము పులుల రక్షితప్రదేశము 3,700 చదరపు కిలోమీటర్లకు పైగా విస్తరించినది. విస్తీర్ణములో దేశమునకెల్ల పెద్దది. అంతటి అడవిలో 2022వ సంవత్సరపు గణనలో తేలిన పులులు 58 మాత్రమే. ఒక ఈతలో పుట్టిన నాలుగు ఆడుకూనలు ఆ అడవికి ఎంతటి సంపదయో ఈ లెక్కయే తెలుపును.

తల్లిని వెదకుటకై అటవీ సిబ్బంది జట్లుజట్లుగా బయలుదేరినవి. జాడలు కనబడిన తావులలో కెమెరాలు అమర్చిరి. రాత్రివేళ కూనలను తల్లి తిరుగుచోటికి చేర్చి, మనుష్యులు దూరమున నిలిచి, చప్పుడు చేయక కాచుకొనిరి. తల్లి రాలేదు. పగటిపూట కూనలను బైర్లూటిలో ఉంచి పాలు, కోడి కాలేయపు ముక్కలు పెట్టి కాపాడిరి. ఎండలు ముదురుచుండెను. పసికూనలు అట్లు ఎన్నాళ్లో నిలువజాలవు. ఆ వారములోనే వాటిని సుమారు మూడువందల కిలోమీటర్ల దూరమునగల తిరుపతి శ్రీవేంకటేశ్వర జంతుప్రదర్శనశాలకు తరలించిరి.

పిల్లలను మొదటి దినముననే జంతుశాలకు పంపియుండవచ్చును గదా, అడవిలో రాత్రులు కాచుకొనుట ఎందుకని అడుగువారు ఉందురు. అడవి జంతువుల రక్షణ అనుపనిలోని కష్టమంతయు ఈ ప్రశ్నలోనే ఉన్నది. ఆకలితోనున్న కూనకు పాలుపట్టుట కష్టమే గాని సాధ్యము. దానికి అడవిని తిరిగి ఇచ్చుట అంతకంటె పదిరెట్లు కష్టము. పులిపిల్ల సుమారు రెండేండ్లవరకు తల్లి వెంట నుండును. గాలివాటమును గమనించి పొంచియుండుట, దుప్పి మెడను పట్టవలసిన చోటు, ముళ్లపందిని పట్టరాదను జ్ఞానము, మనుష్యుని చూచి తొలగిపోవుట, ఇవన్నియు తల్లి వెంట తిరిగి నేర్చుకొను విద్యలు. సీసాపాలు త్రాగి పెరిగిన పులికి మనుష్యుడు ఆహారము తెచ్చువాడుగా కనబడును. మనుష్యునికి వెరవని పులిని అడవిలో విడిచినచో అది ఆకలిగొన్ననాడు ఊరివైపే నడచును. అప్పుడు నష్టము ఊరికిని, పులికిని గూడ.

అది ఎన్నడును సాధ్యము కాదని చెప్పుటకును వీలులేదు. మధ్యప్రదేశమునందలి కన్హా అడవిలో 2005లో తల్లిని కోల్పోయిన ఆడుకూనలను జంతుశాలకు పంపక, అడవిలోనే కంచె వేసిన విశాలమైన ఆవరణలో పెంచిరి. ఆహారమును చేతితో అందించుట మాని, వేటాడుటకు జంతువులను ఆవరణలోనికి విడుచుచు వచ్చిరి. ఇంతలో అదే రాష్ట్రములోని పన్నా అడవిలో 2009 నాటికి పులియన్నది లేకుండపోయెను. 2011లో ఆ అక్కచెల్లెండ్రను పన్నాకు తెచ్చి విడిచిరి. వానిలో ముందు విడిచిన టి-4 అనునది ఆ సంవత్సరము ముగియకముందే పిల్లలను కన్నది. రష్యా దేశపు తూర్పుకొనయందు 2012లో మంచులో దొరికిన ఒక పులిపిల్ల తోకకొన చలికి కుళ్లిపోగా వైద్యులు దానిని కోసివేసి బ్రతికించిరి. జోలుష్క అని పేరుపెట్టిన ఆ పులిని మనుష్యుల కంటబడకుండ పెంచి మరుసటి సంవత్సరమే అడవిలో విడిచిరి. 2015లో అది రెండు కూనలతో కెమెరాకు కనబడెను.

తల్లిలేని కూనలను ఏ విధముగా చూడవలెనో మన దేశపు జాతీయ పులుల సంరక్షణ సంస్థ నియమములు ఏర్పరచినది. మొదట తల్లిని వెదకి కలుపుటకు ప్రయత్నింపవలెను. అది విఫలమైనచో ఆవరణలో కనీసము రెండేండ్లు పెంచవలెను. అడవికి పంపుటకు ముందు ఒక్కొక్క కూన 50 పర్యాయములు తనంతట తానే వేటాడి జయించియుండవలెను. యాభై అనునది పెద్దసంఖ్యగా తోచవచ్చును గాని, అడవిలో బ్రతుకవలసిన పులికి అది సుమారు ఒక సంవత్సరపు భోజనము మాత్రమే.

పులి సంగతి అరుదు. ఏటేట జరుగునది వేరొకటి కలదు. నంద్యాల జిల్లాలోనే నందికొట్కూరు సమీపమున రోళ్లపాడు అభయారణ్యము కలదు. బట్టమేక పక్షికొరకు 1988లో ఏర్పడిన ఆ గడ్డినేలలలో కృష్ణజింకలు మందలుగా తిరుగును. ఈనిన జింక తన పిల్లను గడ్డిలోనో చేనిలోనో పండుకొనబెట్టి తాను దూరముగా మేయుచుండును. పిల్లకు ఆ దినములలో వాసన చాల తక్కువ. అది కదలక మెదలక పడియుండును. తల్లి దగ్గర నిలిచినచో నక్కకు, తోడేలుకు గురుతు దొరకును గనుక పాలిచ్చుటకు మాత్రమే వచ్చిపోవును. కలుపు తీయవచ్చినవారికి ఆ పిల్ల కంటబడును. అయ్యో, తల్లిలేని బిడ్డ అని ఎత్తి ఇంటికి తెత్తురు. పిల్లలు ఆడుకొందురు, ఆవుపాలు సీసాతో పట్టుదురు. ఆ పాలు దాని కడుపునకు సరిపడక పారుడు పట్టును. నోట పోసిన పాలు కొన్ని ఊపిరితిత్తులలోనికి దిగును. మూడవనాడో నాలుగవనాడో అది చచ్చును. సాయంకాలము తల్లి చేనిలోనికి వచ్చి వెదకికొని తిరిగి పోయియుండును. ఈ హత్యలో క్రూరత్వము లేశమైనను లేదు, ఉన్నదంతయు జాలియే.

అట్టి పిల్ల కనబడినప్పుడు చేయవలసిన పని ఒక్కటే: ముట్టుకొనక, కుక్కలను పిలిచికొని, దూరముగా తొలగిపోవుట. ఒంటిమీద రక్తమో, ఈగల గుడ్లో కనబడినను, తల్లి చచ్చిపడియున్నను, అప్పుడు మాత్రమే అటవీ సిబ్బందికి తెలుపవలెను. గూటినుండి పడిన పక్షిపిల్లను మాత్రము తిరిగి గూటిలో పెట్టవచ్చును. మనుష్యుని చేయి తగిలినచో తల్లిపక్షి దానిని తరిమివేయునను మాట ఎంతగా వ్యాపించినదో అంతగా నిరాధారమైనది.

ఇక గాయపడిన జంతువుల సంగతి. అంచు పల్లెలలో గాయమునకు మూలములు కొన్నియే. అడవిపందులకై పన్నిన తీగ ఉచ్చులలో చిరుతలు, ఎలుగులు చిక్కుకొనును. తీగ ఉచ్చు కత్తికంటె చెడ్డది. కత్తిగాటు ఒక్కసారి కలిగినదే. తీగ జంతువు పెనుగులాడినకొలది లోతునకు దిగును. రక్తప్రసారము ఆగి, కాలు చల్లబడి, పైకి చిన్నగా కనబడు గాయము క్రింద మాంసమంతయు చచ్చిపోవును. తీగ కోసి విడిచినంతనే జంతువు పరుగెత్తిపోయెనని సంతోషించుట తొందరపాటు. నాలుగు దినముల తరువాత ఆ కాలు కుళ్లును. అందుచేత వైద్యులు తీగను తీసిన తరువాత గూడ జంతువును కొన్నిదినములు కనిపెట్టియుందురు.

నంద్యాలనుండి గిద్దలూరునకు పోవు రైలు గాజులపల్లె దాటినదాదిగా దిగువమెట్టవరకు అడవి నడుమనే పోవును. రహదారియు దాదాపు అట్లే. రాత్రివేళ మోటారుబండ్ల దీపముల వెలుతురు కండ్లలో పడిన జంతువు పరుగెత్తదు, దారి నడుమ నిలిచిపోవును. బండి వేగమును తగ్గించుటకంటె దీనికి వేరు మందు లేదు.

గట్టులేని దిగుడుబావులు మరియొక అపాయము. వేట వెంట పరుగెత్తు చిరుత చీకటిలో బావిని చూడదు. బావిలో పడిన జంతువును పైకి తెచ్చుట ఓర్పుతో కూడిన విద్య. ముందు చేయవలసినది జనమును తొలగించుట. బావిచుట్టు నూరుమంది కేకలు వేయుచున్నంతసేపు లోని జంతువు పైకి రాదు. ఈదియీది అలసి మునిగిపోవును. నులకమంచమునకో చెక్కకో నాలుగు మూలల మోకులు కట్టి దించినచో అది ఎక్కి కూర్చుండి ఊపిరి తీసికొనును. నీటిలోనున్న జంతువునకు మత్తుమందు ఇయ్యరాదు. నిద్రపట్టినంతనే మునిగి చచ్చును. చాలమారులు పొడవైన నిచ్చెననో కొమ్మలతోకూడిన మానునో వాలుగా దించి, దీపములార్పి, అందరును వెళ్లిపోవుటయే ఉత్తమోపాయము. తెల్లవారునప్పటికి బావి ఖాళీగా నుండును. గట్టుమీద తడి అడుగులు మాత్రము మిగిలియుండును. చూడవచ్చినవారికి ఇందు వినోదమేమియు లేదు. బావికి నడుమెత్తు గట్టు కట్టించినచో ఈ శ్రమయు అక్కరలేదు. కాని ఎండిన బావికి గట్టెందుకని రైతులు ఊరకుందురు, జంతువులు ఎక్కువగా పడునదియు ఎండినబావులలోనే.

మత్తుమందును గూర్చి జనులలో ఒక భ్రమ కలదు. తుపాకి ప్రేలినంతనే పులి పడిపోవునని సినిమాలలో చూచి నమ్ముదురు. నిజమునకు గాలి ఒత్తిడితో విసరబడు సూది కండలో దిగి, మందు రక్తములో కలియుటకు పది పదునైదు నిమిషములు పట్టును. ఆ వ్యవధిలో జంతువు ముళ్లపొదలోనికో నీటిలోనికో పోవచ్చును; బెదరి మీద పడవచ్చును. జంతువు బరువును కంటితో అంచనావేసి మందు కొలత నిర్ణయింపవలెను. తక్కువైనచో పడదు, ఎక్కువైనచో లేవదు. సాధారణముగా కెటమిన్, జైలజిన్ అను రెండు మందులను కలిపి వాడుదురు. కెటమిన్ ప్రభావములోనున్న జంతువు కండ్లు మూయదు. అందుచేత కండ్లు ఎండిపోకుండ మందు రాసి గుడ్డ కప్పవలెను. కర్నూలు, నంద్యాల ఎండలలో మత్తులోనున్న జంతువు ఒడలు కాగిపోవును గనుక మాటిమాటికి జ్వరమును కొలుచుచు నీళ్లు చల్లుచుండవలెను. గాయము కడుగుటకంటె ఈ కావలియే పెద్దపని.

జింకలకు వచ్చు మృత్యువు మరియొక విధము. కుక్కలు తరుమగా పారిపోయి అలసిన జింకను పట్టి కట్టివేసినప్పుడు దానికి పైకి ఏ గాయమును ఉండకపోవచ్చును. కాని మితిమీరిన పరుగువలనను భయమువలనను దాని కండరములు లోలోపల శిథిలమై, ఆ విషము మూత్రపిండములను చెరచును. రెండుమూడు దినములు మేసి తిరిగిన జింక హఠాత్తుగా కూలి చచ్చును. అందుచేత భయమును తగ్గించుటయే మొదటి చికిత్స. కండ్లకు గంత కట్టుట, చీకటిగది, నిశ్శబ్దము, తక్కువ మంది చేతులు. పక్షికైనను ఇదియే. రెక్క విరిగిన గుడ్లగూబను గాలివచ్చు అట్టపెట్టెలో గుడ్డపరచి ఉంచి మూతవేయుట, పంజరములో పెట్టి పదిమందికి చూపుటకంటె ఎంతో మేలు. దాని నోట నీరు పోయరాదు; పక్షికి గాలిగొట్టపు ద్వారము నాలుకమొదటనే ఉన్నది.

చేతికి చిక్కిన జీవిని నిలుపుకొనుట ఎంత దుర్లభమో తెలిపెడి కథ ఆళ్లగడ్డకు దక్షిణముననే, కడప జిల్లాలో జరిగినది. కలివికోడి అను చిన్న పక్షి రాత్రులయందు పొదల నడుమ తిరుగునది. 1848లో శాస్త్రజ్ఞుల దృష్టికి వచ్చిన ఆ పక్షి 1900 తరువాత ఎవరికిని కనబడలేదు, నశించినదనియే తలంచిరి. 1986 జనవరిలో లంకమల అడవి అంచునగల రెడ్డిపల్లె ప్రాంతమున వేటయందు నేర్పుగల గ్రామస్థుడొకడు రాత్రివేళ దీపపు వెలుతురులో దానిని సజీవముగా పట్టెను. ఎనుబదియారేండ్ల తరువాత దొరికిన పక్షి! దానిని చూచుటకు సలీం అలీ అంతటి పక్షిశాస్త్రవేత్త బయలుదేరివచ్చెను. కాని ఆ పక్షి బ్రతుకలేదు. అది ఏమి తినునో, ఎట్లు ఉంచవలెనో ఆనాడు తెలిసినవారే లేరు. పట్టినవాని నేర్పులో లోపము లేదు, చూడవచ్చినవారి విద్యలో లోపము లేదు. అదే అడవిలో ఇంకను కొన్ని పక్షులు మిగిలియున్నవని తెలియుటచేత 1988లో ఆ పొదలనే శ్రీలంకమల్లేశ్వర అభయారణ్యముగా కాపాడ మొదలిడిరి.

నక్షత్రతాబేలును ఇంటిలో ఉంచినచో శుభమని, ఉడుముమాంసము నడుమునొప్పికి మందని, అలుగు పొలుసులకు ఏదో మహిమ యున్నదని నమ్మువారు ఇప్పటికిని కలరు. ఇవన్నియు 1972వ సంవత్సరపు వన్యప్రాణి సంరక్షణ చట్టము క్రింద రక్షింపబడిన జీవులు. జాలిచేతనైనను అట్టి జీవిని ఇంటిలో ఉంచుకొనుట నేరమే. అది ఎవరికి దొరికినను 48 గంటలలోగా దగ్గరి పోలీసు ఠాణాకో అధికారము పొందిన ఉద్యోగికో తెలుపవలెనని ఆ చట్టమునందు కలదు. ఇంటిలో దూరిన పామునకు ఆ గడువు అక్కరలేదు. తలుపు మూసి, సందులో గుడ్డ కుక్కి, తెలిసినవారిని పిలుచుటయే చాలును. నాగుబామును పట్టి ఫొటో దిగబోయి ప్రాణము పోగొట్టుకొనుట రక్షణ యనిపించుకొనదు.

జంతువును కాపాడుడని చెప్పుట పట్టణమువానికి సులభము. 2024 జూన్‌లో శిరివెళ్ల మండలము పచ్చర్ల సమీపమున కట్టెలకు పోయిన ఒక స్త్రీ చిరుతపులి వాతబడెను. పిమ్మట అటవీ శాఖవారు బోను పెట్టి చిరుతను పట్టి అక్కడినుండి తరలించిరి. ఆ ఇంటివారియెదుట నిలిచి చిరుతలను ప్రేమింపుడని చెప్పగల ధైర్యము ఎవరికుండును? అయినను, అడవి అంచు రక్షణలో బోనుపెట్టు పనియు ఒక భాగమే. ఊరికి భయము తీరనిచో ఊరివారు విషము పెట్టుదురు. విషము తిన్న పశుకళేబరమును చిరుతయొక్కటియే తినదు, రాబందులు, నక్కలు, ఊరకుక్కలు గూడ తినును. పశువును కోల్పోయిన రైతునకు పరిహారము ఎంత త్వరగా అందునో, అడవిలో పులికి అంత ఆయువు పెరుగును. వైద్యుని సూదికంటె గుమాస్తా సంతకము ఎక్కువ పులులను బ్రతికించునని చెప్పినను తప్పు లేదు.

ఈ పనియందు చెంచులకు గల స్థానమును చెప్పనిచో విషయము పూర్తికాదు. ఆళ్లగడ్డకు తూర్పున అహోబిలమున సంక్రాంతి దాటిన తరువాత పారువేట ఉత్సవము ప్రారంభమగును. స్వామి పల్లకి ఎక్కి నలువది దినములకుపైగా చుట్టుపట్టు పల్లెలు తిరుగును. పేరు వేటయే గాని, చెంచులక్ష్మిని వరించిన నరసింహుడు తన పెండ్లికి ఊరూర పిలువబోవుటయే దాని వృత్తాంతమని ఆ పల్లెలవారు చెప్పుదురు. అల్లుని వరుసగల ఆ స్వామి అడవిలో చెంచులు తరతరములుగా నేర్చిన జాడలవిద్య నేడు పులుల కావలికి ఉపయోగపడుచున్నది. వారిలో పలువురు అటవీ శాఖ శిబిరములలో కావలివారుగా నున్నారు. వేసవిలో వాగులు ఎండినప్పుడు జంతువులకై అడవిలో కట్టిన పల్లపు తొట్లకు బండ్లతో నీరు చేరవేయుదురు. దప్పి తీరిన జంతువు ఊరివైపు దిగదు గనుక, ఆ నీరును గాయమునకు ముందే వేసిన మందుగానే ఎంచవలెను.

చికిత్సచేసి విడిచిన జంతువును గూర్చిన సమాచారము దొరకునదియు ఆ నీటితొట్ల దగ్గరనే. విడిచిన వైద్యుడు మరల దానిని చూచుట అరుదు. జాడచూచువాడు తెల్లవారుజామున తొట్టి అంచున బురదలో మోకాళ్లపై కూర్చుండి అడుగులను చదువును. కుంటుచున్న కాలి అడుగు మిగిలినవానికంటె తేలికగా పడును. ఎదుటి కాలి అడుగు ఎక్కువ లోతుగా దిగును. అంగల మధ్య దూరము సమముగా ఉండదు. అతడు పుల్లతో ఆ దూరమును కొలిచి, పుల్లమీద గంటు పెట్టుకొని, పుల్లను నడుమున దోపుకొని మరుసటిదినము మరల వచ్చును. కొన్నాళ్లకు ఆ నాలుగు అడుగులును ఒక్క లోతున పడిన ఉదయము వచ్చును. అప్పుడు అతడు ఆ పుల్లను విరిచి తొట్టి ప్రక్కన పారవేసి, తరువాతి తొట్టివైపు నడచును.